తొమ్మిదికి లోకువైన పది

నమ్మి వాకిట నిలబెట్టిన కావలివాడికి లెక్కలు రావని పదకొండేళ్ళ తరువాత తెలియడం ఏ ఇంటికైనా అప్రతిష్ఠే. అయితే ఆ కార్యాలయంలో అప్రతిష్ఠను మించినది ఒకటి జరిగింది. కావలివాడికి లెక్కలు నేర్పడం మాని, వచ్చినవాడికి అబద్ధం నేర్పారు. నేర్పి, చప్పట్లు కొట్టుకున్నారు.

ఊరికి నీళ్ళు తోడే పంపులను నడిపించే పెట్టెలుంటాయి. ఆ పెట్టెలకు ప్రాణం పోసే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కార్యాలయంలో తయారవుతుంది. దాని గర్భస్థానం కెర్నెల్. మనుషులు రాసిన పాఠాన్ని యంత్రానికి తెలిసే భాషలోకి మార్చేది కంపైలర్. ఇలాంటి పనిముట్లు పదిహేను కలిసి కెర్నెల్‌ను కడతాయి. ఆ కట్టడానికే బిల్డ్ అని పేరు. పనిముట్లలో ఏ ఒక్కటి కాలం చెల్లినదైనా కట్టినదంతా గుల్ల. అందుచేత బిల్డ్ మొదలుకాకముందే వాటన్నింటినీ వరుసగా నిలబెట్టి “నీ వెర్షన్ ఎంత?” అని అడిగి, తగినదాన్ని లోపలికి రానిచ్చి, తగనిదాన్ని వెనక్కి పంపే చిన్న స్క్రిప్ట్ ఒకటి ఉండేది. అందరూ దాన్ని గడప అనేవారు. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆమెను గడపక్క అనేవారు.

గడపక్క నాలుక పదునుకు ఆ అంతస్తులో జడవనివారు లేరు. ఎవరైనా రాసిన పాఠాన్ని పరిశీలనకు పంపితే, తప్పు చూపడంతో ఆమెకు తనివి తీరేది కాదు. తప్పు చేసినవాడి ముఖం ఆ తప్పులో కనబడేలా చూపేది. “ఇది చదివాక కళ్ళు కడుక్కున్నాను” అని ఒకరికి రాసింది. “నీ స్క్రిప్ట్‌కి తల ఉంది, తోక ఉంది, మధ్యలో పశువు లేదు” అని మరొకరికి రాసింది. అలా అనడానికి ఆమెకు హక్కు ఉన్నదనే అందరూ ఒప్పుకున్నారు. కారణం ఆమె సంతకం. ప్రతి కెర్నెల్‌తో పాటు ఒక ధ్రువపత్రం వెళ్ళేది: “ఇది ఇందులో పేర్కొన్న పనిముట్లతో, పేర్కొన్న వెర్షన్లతో కట్టబడినది.” కింద ఆమె పేరు. పదకొండేళ్ళలో డెబ్బై మూడు పత్రాలు. ఒక్కదానిలోనూ ఒక్క వాక్యమూ అసత్యం కాలేదు. ఆమెకు ఆస్తి ఏదైనా ఉంటే అది ఆ సంతకమే.

ఇక ఆ కార్యాలయాధిపతి సంగతి. ఆయనను చాటున పచ్చదీపం అనేవారు. ఆయన గదికి ఎదురుగా గోడ పొడవునా ఒక తెర. దాని మీద ఒక్కొక్క బిల్డుకు ఒక్కొక్క చదరం. కుదిరితే పచ్చన, చెడినా ఇంకా పూర్తికాకపోయినా ఎరుపు. ఉదయం రాగానే ఆయన ఆ గోడ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, పంట చూసుకునే ఆసామిలా తల పంకించేవారు. ఆ పచ్చదనంలో గింజ ఎంత, తాలు ఎంత అన్న విచారం ఆయనకు ఏనాడూ కలగలేదు. రంగు తెలిస్తే రుచి తెలిసినట్టేనని నమ్మిన మహానుభావుడు.

అత్తగారి కంటికి శస్త్రచికిత్స జరిగి గడపక్క సోమ, మంగళవారాలు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. బుధవారం మధ్యాహ్నం ఆమెను ఇంటికి తెచ్చి, భోజనాలకు కూర్చునే వేళకు మరిది వచ్చాడు. ఆ కుర్రవాడికి కార్యాలయంలో చిట్కా అని పేరు. ఏ తాళానికైనా చెవి వెతకడు, మేకు వెతుకుతాడు. వదిన మాట మీదనే అయిదు నెలల క్రితం అక్కడ చేర్చుకున్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

“వదినా, నీ గడపకి కితకితలు పెట్టాను. నవ్వేసి దారిచ్చింది” అన్నాడు కంచం ముందు కూర్చుంటూనే.

“గడప నవ్వదు. ఏం వెలగబెట్టావో తెలుగులో చెప్పు.”

“కొత్త కంపైలర్ వచ్చిందిగా, వెర్షన్ పది. సోమవారం పెట్టారు. నీ గడప ఏమందో తెలుసా? ‘ఈ కంపైలర్ మరీ పాతది, కనీసం తొమ్మిది ఉండాలి’ అంది. పదిని పట్టుకుని! గోడంతా ఎర్రగా అయిపోయింది. పచ్చదీపం మొహం కూడా.”

అత్తగారు కట్టు లేని కంటితో కొడుకు వైపు తిరిగింది. “పది తొమ్మిది కంటే చిన్నదా? ఒరేయ్, ఒంటికంటిదాన్ని, నాకే పది పెద్దదిగా కనపడుతుంటే! ఎవడ్రా ఆ లెక్క రాసిన బుద్ధిమంతుడు?”

“ఎవడో పాతకాలం వాడులే అమ్మా.”

“చిన్నప్పుడు వాడి చెవి మెలేసినవాళ్ళు లేకపోయారు.”

గడపక్క నవ్వింది. ఇంత కమ్మని అవకాశం వదులుకునే స్వభావం ఆమెది కాదు. “చెవి కాదు అత్తయ్యా, వేళ్ళు లెక్కపెట్టించాల్సింది. తొమ్మిదో వేలు దగ్గర కునుకు తీసుంటాడు.” ముగ్గురూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక ఆమె అడిగింది: “ఇంతకీ కితకితలంటే ఏంటి?”

“కంపైలర్‌కి ముసుగేశాను. గడప వచ్చి ‘నీ వెర్షన్ ఎంత?’ అంటే ముసుగు ‘తొమ్మిదిన్నర’ అని చెబుతుంది. మిగతా పనంతా లోపలున్న పదే చేస్తుంది. పదిహేను నిమిషాలు పట్టింది, అందులో అయిదు టీ తాగడానికి. గోడ పచ్చనైంది. సారు నా భుజం తట్టారు. రేపు సాయంత్రం నువ్వు సంతకం పెట్టేస్తే ఆదివారం తెల్లారేసరికి నలభై పంపు స్టేషన్లకీ కెర్నెల్ వెళ్ళిపోతుంది. సోమవారం నా ఉద్యోగం ఖాయం.”

గడపక్క చేతిలోని ముద్ద కంచంలోకి దిగిపోయింది. “ఏ పత్రం మీద? ‘పేర్కొన్న వెర్షన్లతో కట్టబడినది’ అనే పత్రం మీదా?”

“అబ్బా వదినా! పదికీ తొమ్మిదిన్నరకీ తేడా అర.”

“నిజానికీ అబద్ధానికీ కూడా అంతేనయ్యా. అందుకే ఇంతమంది జారిపడతారు.”

గురువారం ఉదయం అందరికంటే ముందు వచ్చి ఆమె గడపను తెరిచింది. తెరుస్తూ, ఆ పాతకాలం బుద్ధిమంతుడికి ఏమి రాయాలో మనసులో కూర్చుకుంటూనే ఉంది. రెండు వాక్యాలు అప్పటికే బాగా కుదిరాయి. తప్పు వెతకడానికి క్షణం పట్టలేదు. వెర్షన్లను పోల్చవలసిన చోట గడప అంకెను అక్షరంగా చదువుతున్నది. నిఘంటువులో ఈగ ముందు వస్తుంది, ఏనుగు వెనుక వస్తుంది. మొదటి అక్షరమే అక్కడ ప్రమాణం, జంతువు పరిమాణం కాదు. గడప కూడా అలాగే ‘పది’లోని మొదటి అంకె ఒకటిని చూసింది, తొమ్మిదిని చూసింది, ఒకటి ముందు వస్తుంది కనుక చిన్నదని తీర్పు చెప్పింది. ఒకటి పక్కన ఉన్న సున్న వైపు కన్నెత్తి చూడలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది వచ్చినంతకాలమూ ఆ అజ్ఞానం జ్ఞానంలాగే చెల్లింది. అక్షరానికి నాశనం లేదని పెద్దలంటారు; అంకెను అక్షరమనుకున్నవాని పరువుకు మాత్రం నాశనం తప్పదు.

ప్రతి వరుసనూ ఎవరు, ఎప్పుడు రాశారో చూపే ఏర్పాటు ఉంటుంది. ఆమె దాన్ని నొక్కింది. పదకొండేళ్ళ కిందటి తేదీ వచ్చింది. తేదీ పక్కన తన పేరు వచ్చింది. పైన, ఎవరి కోసమో కాదు, తన కోసమే రాసుకున్న గమనిక: “పది వచ్చేనాటికి చూసుకోవచ్చు.”

ఆమె కుర్చీలో వెనక్కి జరిగింది. చెవుల దాకా వేడి పాకింది. తొమ్మిదో వేలు దగ్గర కునుకు తీసిన ఘనురాలు తానే. అత్తగారి ముందు తన వీపు మీద తానే చరుచుకుని పకపక నవ్వింది. గర్వానికి కళ్ళు వీపున ఉంటాయి కాబోలు. దాటివచ్చినవారి తడబాటు చూస్తుంది గాని తన కాలి ముందరి గొయ్యి చూడదు. ఇన్నాళ్ళూ ఆమె ఎగతాళి చేసినవారందరూ ఆ క్షణాన వరుసగా వచ్చి ఆ బల్ల చుట్టూ నిలబడినట్టు తోచింది. వారిలో ఒక్కరైనా పదిని తొమ్మిదికి లోకువ చేసినవారు లేరు.

ఇక్కడే ఆమెకు ఒక మెత్తని దారి కనిపించింది. ముసుగు ఉన్నంతకాలం గడప లోపలి లెక్క ఎవరూ చూడరు. సంతకం పెడితే తప్పు పూడిపోతుంది, దాని మీద గడ్డి మొలుస్తుంది. సంతకం మానితే ఎందుకు మానావని అడుగుతారు. అడిగితే ఆ వరుస తెరవాలి. తెరిస్తే ఆ గమనిక అంతస్తంతా చదువుతుంది. సంతకం పరువు నిలపాలంటే సంతకందారు పరువు పోవాలి. ఇరుకైన సందు.

ముందు ఆమె ఆ ఆలోచనను పక్కకు తోసి కెర్నెల్‌ను చూసింది. కొత్త కంపైలర్ తెలివి మీరినది. ఒక పనికి వెళ్ళి తిరిగి రావలసిన చోట ‘తిరిగి రావడమెందుకు?’ అని దారి కుదించుకుంటుంది. పెట్టెలోని రెండో ప్రాసెసర్ మేల్కొనే చోట ఆ కుదింపు జరిగితే, అక్కడ కావలిగా పెట్టిన గుర్తు చెదిరినట్టు కనబడి కెర్నెల్ తనను తానే ఆపేసుకుంటుంది. ఇది తెలిసినవారు కనుకనే కెర్నెల్ రాసినవారు ఒక వాక్యం చేర్చారు: కంపైలర్ పది, లేక ఆపైది అయితే, ఇక్కడ దారి కుదించవద్దు. ఇప్పుడు ముసుగు తొమ్మిదిన్నర అంటున్నది. ఆ వాక్యం తనకు సంబంధించినది కాదని కంపైలర్ చక్కగా దాటిపోయింది.

పరీక్ష బల్ల మీద ఉన్నది ఒకే ప్రాసెసర్ ఉన్న పాత పెట్టె. రెండున్న పెట్టె వేడెక్కి ఒకటి రెండుసార్లు గోడను ఎర్రగా చేసిందని పచ్చదీపం దాన్ని బల్ల మీద నుంచి తీయించారు. ఆమె సొరుగులోంచి అలాంటి పెట్టె ఒకటి తీసి, దుమ్ము తుడిచి, ముసుగు కెర్నెల్‌ను ఎక్కించింది. అప్పటికి చిట్కా వచ్చి వెనుక నిలబడ్డాడు. తెర మీద వరుసలు పరుగెత్తాయి. ‘రెండవ ప్రాసెసర్‌ను మేల్కొలుపుతున్నాను’ అన్న వరుస వచ్చింది. ఆ పైన ఏమీ రాలేదు. మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ అక్కడే. మూడోసారీ అంతే.

“బల్ల మీద నడిచిందిగా వదినా!”

“బల్ల మీద బొమ్మ కూడా నడుస్తుంది. నలభై స్టేషన్లలో ఉన్నవి ఇలాంటి పెట్టెలు. ఆదివారం పొద్దున్న ఒక్క పంపు లేవదు.”

కుర్రవాడి ముఖం పాలిపోయింది. అంతలో పక్క తెర మీద తెరిచి ఉన్న గడప అతని కంట పడింది. తేదీ చూశాడు, పేరు చూశాడు, గమనిక చూశాడు. నిన్నటి నవ్వు అతనికి గుర్తుకు వచ్చిందనేది అతని కళ్ళలో తెలిసింది. అయినా నవ్వలేదు. అది అతని మంచితనం.

“ఇది ఎవరికీ తెలియక్కర్లేదు వదినా,” గొంతు తగ్గించి అన్నాడు. “రెండో ప్రాసెసర్ దగ్గర కూడా ఏదో ఒకటి అడ్డం పెడదాం. ముసుగు అలాగే ఉంచుదాం. గడపలో లెక్క ఎవడు చూస్తాడు?”

“నువ్వు చూశావుగా.”

“నేను ఇంటివాణ్ణి.”

“అందుకే ఇంకాస్త సిగ్గు. పక్కకి జరుగు, వెలుతురు తగలనీ.”

ఎనిమిది వరుసల్లో ఆమె పోలికను సరిచేసింది. వెర్షన్‌ను చుక్కల దగ్గర ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ అంకెగా మార్చి, అంకెకు అంకెను తూచింది. ముసుగు లేని కంపైలర్‌ను ఎదుట నిలబెడితే గడప తొణక్కుండా ‘పది, రావచ్చు’ అంది. కానీ కెర్నెల్‌ను మొదటి నుంచి కట్టి, రెండు ప్రాసెసర్ల పెట్టె మీద పూర్తిగా పరీక్షించాలంటే రెండు రోజులు. ఆమె లేచి పచ్చదీపం గదికి వెళ్ళింది.

“సార్, ఈ కెర్నెల్ స్టేషన్లలో లేవదు.”

ఆయన అద్దాల తలుపులోంచి చూపుడువేలు చాచారు. “గోడ చూశారా అమ్మా?”

“చూశాను.”

“ఏ రంగు?”

“పచ్చే. కానీ...”

“పచ్చనయ్యాక ‘కానీ’ ఏంటి? ఎరుపయితే ‘కానీ’ అనాలి. పచ్చకి ‘అవునండీ’ అనాలి.”

“అది ఒకే ప్రాసెసర్ పెట్టె చెప్పిన పచ్చ సార్. రెండున్నదాని మీద మూడుసార్లు చూశాను, మూడుసార్లూ ఆగిపోయింది. కంపైలర్ చేత అబద్ధం చెప్పించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. గడపని సరిచేశాను. రెండు రోజులు ఇవ్వండి.”

“రెండు రోజులు గోడ ఎర్రగానా? రేపు పైవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. గోడ చూస్తారు.”

“నీళ్ళు రాకపోతే ఊరంతా చూస్తుంది సార్.”

“అది ఆదివారం సంగతి” అన్నారు ఆయన, ఆదివారం మరొకరి రాజ్యమన్నంత నిశ్చింతగా. ఆ పైన హఠాత్తుగా ఏదో తోచి, “అసలు ఈ తప్పు మొదట ఎవరిది?” అని అడిగారు.

“నాది. పదకొండేళ్ళ నాటిది.”

పచ్చదీపం ముఖంలో నిజంగానే వెలుగు వచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకుని, ఊరడించే గొంతుతో అన్నారు: “మరి ఇంకేం! మీ తప్పు మీ మరిది కప్పాడు. మీ మరిది తప్పు మీరు కప్పండి. మీ ఇద్దరిదీ నేను కప్పుతాను. ఒక కుటుంబంలా ఉందాం. సాయంత్రంలోగా సంతకం పెట్టేయండి.”

లోకంలో కుటుంబమన్న మాటను దుప్పటిగా వాడుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇంత పొట్టి దుప్పటితో ముగ్గురిని కప్పజూసినవారు మాత్రం అరుదు. గడపక్క తన బల్ల దగ్గరకు వచ్చింది.

ధ్రువపత్రం తెర మీద తెరిచి ఉన్నది. అందులో ‘అభిప్రాయం’ అని ఒక గడి. అది ఖాళీగా ఉంటే పత్రం కదలదు. ఇలాంటి గడిలో ఎవరైనా ‘సరే’ అని రాస్తారు. బద్ధకస్తులు ఒక చుక్క పెడతారు. ఆమె చేతులు కీబోర్డు మీద ఆనించింది. సరే అన్న మాటకు రెండే అక్షరాలు. ఆ రెండక్షరాలు రాస్తే మరిది ఉద్యోగం నిలుస్తుంది, తన పేరు నిలుస్తుంది, గోడ పచ్చగా ఉంటుంది. నీళ్ళు ఒక్కటే రావు. ఇన్నేళ్ళు ఇతరుల తప్పుల మీద తాను రాసిన వ్యాఖ్యలన్నీ గుర్తుకు వచ్చాయి. వాటిలో ఒక్కటి రాయడానికైనా తాను తగనని తేలిన ఈ రోజున, కనీసం వాటంత నిక్కచ్చిగానైనా రాసుకోకపోతే ఆ నాలుకను ఇక ఉప్పులో ఊరబెట్టుకోవడానికి తప్ప వాడరాదనుకుంది. రాసింది:

“ఈ కెర్నెల్‌ను పంపవద్దు. కంపైలర్ వెర్షన్ పది. దాని చేత తొమ్మిదిన్నర అని చెప్పించారు. రెండు ప్రాసెసర్ల పెట్టెల్లో ఇది లేవదు, పరీక్షించి చూశాను. గడపలో పదిని తొమ్మిది కంటే చిన్నదిగా లెక్కించిన తప్పే దీనికి మూలం. ఆ తప్పు రాసినది నేనే.”

కింద పేరు పెట్టింది. ‘తిరస్కరించు’ అన్న మీట కోసం వెతికింది. లేదు. ఉన్నది ఒకటే: ‘సమర్పించు.’ రెండవ మీట గోడను ఎర్రగా చేస్తున్నదని నిరుడే పచ్చదీపం తీసివేయించారని పక్కబల్లవారు చెప్పారు. ఎవరో ఒకరు చదువుతారు కదా, చదివితే ఆపుతారు కదా అనుకుని ఆమె ‘సమర్పించు’ నొక్కింది.

గడి ఖాళీగా లేదు. కనుక పత్రం కదిలింది. గోడ మీద సంతకం కోసం మిగిలిన చివరి చదరం పచ్చనైంది. దాని మీద ‘ఆమోదం’ అని అక్షరాలు వెలిగాయి. అంతస్తులో నలుగురు చప్పట్లు కొట్టారు. పచ్చదీపం అద్దాల వెనుక నుంచి ఆమెకు బొటనవేలు చూపి, తృప్తిగా తలాడించారు. ఆయన చదవలేదు. ఆయన పైవారు చదవలేదు. వారికి పైనున్నవారికి చేరినది పచ్చరంగే. సత్యం నిలువెత్తున రాసి చేతికిస్తే, కాగితం నిండినదా లేదా అని మాత్రం తడిమి చూసుకునే గుడ్డిదర్బారు అది. ఆమె పేరు మొదటిసారి ఒక అబద్ధం కింద వెలుగుతున్నది, ఆ అబద్ధాన్ని ఖండించిన మాటల కిందనే.

శుక్రవారం ఉదయం పదిన్నరకు ఆమె బల్ల మీది ఫోను మోగింది. అవతల నీటి పంపుల పెద్ద మేస్త్రి. పత్రాల మీద ఆమె పేరు చూడటం తప్ప ఆయన ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు.

“అమ్మా, మీరేనా సంతకం పెట్టేది? మీ కాగితం వచ్చిందమ్మా. మాకిక్కడ పంపు తిరుగుతుంటే చేసే పనేముంటుంది, మొత్తం చదువుతాను. పైన ‘ఆమోదం’ అని ఉంది. కింద ‘పంపవద్దు’ అని ఉంది. దేన్ని నమ్మమంటారు?”

ఇంత పెద్ద కార్యాలయంలో లేని చదువరి ఊరి చివర పంపు పక్కన దొరికాడు. “కిందదాన్ని నమ్మండి” అంది గడపక్క. “అది నేను రాసింది. పైది గోడ రాసింది.”

“గోడేంటమ్మా?”

“ఉందిలెండి ఒకటి. మీరు పాతదే నడపండి. నేనిక్కణ్ణుంచి కొత్తదాన్ని తీసేస్తున్నాను.”

“తప్పు మీదేనని కూడా రాశారు. నలభై ఏళ్ళ సర్వీసులో అలాంటి కాగితం చూళ్ళేదమ్మా. పెట్టేస్తా మరి, మోటారు వేడెక్కుతోంది.”

కెర్నెల్‌ను పంపే సర్వర్ తాళం ఆమె దగ్గరే ఉన్నది. ఆదివారానికని సిద్ధంగా పెట్టినదాన్ని ఆమె తొలగించింది. ముసుగును తీసివేసి, సరిచేసిన గడపతో బిల్డ్‌ను మొదటి నుంచి మొదలుపెట్టింది. గోడ మీది చదరాలు ఒకదాని వెంట ఒకటి ఎర్రబడ్డాయి. సరిగ్గా ఆ సమయానికే పైవారు నలుగురు, ముందు పచ్చదీపంతో, నడవలో ప్రవేశించారు. అంత పెద్ద గోడ, అంత ఎరుపు. అందరూ ఆగిపోయారు.

“ఏంటండీ ఇది?” అన్నారు పైవారిలో పెద్దాయన.

పచ్చదీపం గోడకు అడ్డంగా జరిగారు. “అదీ... మన హెచ్చరికల ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూపిద్దామని... మీ కోసమే ప్రత్యేకంగా...”

“బాగుంది, బాగుంది. చాలా స్పష్టంగా కనిపిస్తోంది” అన్నారు పెద్దాయన. మిగిలిన ముగ్గురూ అదే మాట మరింత గట్టిగా అన్నారు. తరువాత అందరూ కాఫీకి వెళ్ళారు.

వారు వెళ్ళాక విచారణ జరిగింది. పచ్చదీపం కోపమంతా కెర్నెల్ లేవనందుకు కాదు, మేస్త్రి చదివినందుకు.

“అభిప్రాయం గడిలో అభిప్రాయం రాయమని మీకెవరు చెప్పారమ్మా? బయటివాళ్ళు చదువుతారని తెలీదా?”

“లోపలివాళ్ళు చదవరని తెలీదు సార్.”

“ఇన్నేళ్ళ మనిషి, పది పెద్దదో తొమ్మిది పెద్దదో తెలియకుండా రాసింది, పైగా ఊరికంతా చాటింది! మీరు ఇక గడప ముట్టుకోవద్దు. ఇవాళ్టి నుంచి అది మీ మరిదిది. పత్రాల మీద సంతకం కూడా అతనిదే. గోడని పదిహేను నిమిషాల్లో పచ్చగా చేసినవాడు.”

ఆమె చెప్పదలచుకుంటే చెప్పవలసినది చాలా ఉన్నది. కాని ఆయన అన్నదానిలో మొదటి సగం అక్షరాలా నిజం. ఎదుటివాడు మూర్ఖుడైనంత మాత్రాన వాడి నోట వచ్చిన నిజం అబద్ధమైపోదు. అది మింగవలసిన మందుల్లోకెల్లా చేదైనది. ఆమె తల ఊపి వచ్చేసింది.

గడప మొదటి వరుసలో ‘నిర్వహణ’ అన్నదాని పక్కన తన పేరు చెరిపి మరిది పేరు ఆమే రాసింది. చెరపడానికి పట్టినంతసేపు రాయడానికి పట్టలేదు.

సోమవారానికి గోడ మళ్ళీ పచ్చనైంది. కెర్నెల్ రెండు ప్రాసెసర్ల పెట్టె మీద లేచి నిలిచింది. ఆ మరుసటి ఆదివారానికి నలభై స్టేషన్లకూ వెళ్ళడానికి సిద్ధమైంది. పచ్చదీపం గోడ ముందు నిలబడి, తన పంట తిరిగి పండిందని తల పంకించారు. ధ్రువపత్రం చిట్కా ముందుకు వచ్చింది. అతడు దానిని తెరవలేదు. కుర్చీ లాక్కుని వదిన బల్ల పక్కకు వచ్చి కూర్చున్నాడు. చెయ్యి గడ్డం మీద, కాలు నేల మీద ఆడుతూ ఉన్నాయి.

“ఏంటి మరిదిగారూ, సంతకానికి ముహూర్తం చూస్తున్నారా?”

“వదినా, సంతకం పెట్టేముందు నీ ఎనిమిది వరుసలూ చదివాను. రెండుసార్లు.”

“చదివితే?”

“ఏం అనుకోనంటే ఒకటి చెబుతా.”

“అనుకుంటాను. అయినా చెప్పు.”

“నువ్వు కంపైలర్ చెప్పే వాక్యంలో మొదట కనపడ్డ అంకెని పట్టుకుని దాన్నే వెర్షన్ అంటున్నావు. మనదానికి పరవాలేదు. కొందరు తయారీదారులు వెర్షన్‌కి ముందు తమ పేరు చెబుతారు. ఆ పేరులో అంకె ఉంటే? ఒకటి దొరికింది, పెట్టి చూశాను. దాని పేరులో అరవై నాలుగు ఉంది. గడప దాన్ని ‘అరవై నాలుగో వెర్షన్, రావచ్చు’ అంది. లోపలున్న అసలు వెర్షన్ ఆరు.”

గడపక్క తెర వైపు చూసింది. కుర్రవాడు చెప్పినది నిజం. ఒక చురక నాలుక చివరకు వచ్చి, ఎవరి మీద విసరాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. పక్కబల్లవారు చెవులు రిక్కించి ఉన్నారని ఆమెకు తెలుసు. వినాలనే కొంచెం గట్టిగా అంది:

“ఈ ఎనిమిది వరుసలు రాసిన మనిషికి తలుపు మీది పేరుకీ లోపలి మనిషికీ తేడా తెలీదు. దిద్దు. ఎందుకు దిద్దావో కూడా పక్కన రాయి, నా పేరుతో సహా. అప్పుడు పెట్టు సంతకం.”

చిట్కా కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. తప్పు దిద్ది, ఎందుకు దిద్దాడో పక్కన రెండు వరుసలు రాశాడు. ఆమె ఒంగి చదివింది.

“ఇదేం వాక్యమయ్యా? కర్త ఎక్కడ?”